రెండూ పట్టే బ్యాగు

ఏమండీ, పదకొండింటికి హైదరాబాద్ పేపరాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఫోటోగ్రాఫర్ ఉద్యోగం మీకే! ఎల్లుండే చేరాలట. మీ సెల్ కలవలేదని ఇంటికి చేశారు. వంటింట్లోనే గంతులేశాను.

పప్పు వేడి చేసుకోండి. మంచం మీద కొత్త బ్యాగు ఉంది. కెమెరా, లాప్‌టాప్ రెండూ అందులోనే పడతాయి. ఈపూట దీక్షా శిబిరానికి లాప్‌టాప్ మీరే తీసుకెళ్లారు కదా, కొలతకు మన పెళ్లి ఆల్బమ్ పట్టుకెళ్లాను. బ్యాగుల షాపు ఎలిశిబక్క, "ఏంది ఫేబా, మీ ఆయన డ్యూటీకి పెండ్లి ఫోటోలు మోస్కపోతడా?" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

తిరిగొస్తుంటే ఏడుపు ఆగలేదు. పెళ్లైన నెలనుంచీ ధర్నాలకు వెళ్తే కెమెరా మీ మెడలో, లాప్‌టాప్ నా ఒళ్లో. రెండూ ఒక్కదాంట్లో పడితే బండి వెనక నేనెందుకు? ఎలాగూ హైదరాబాద్‌లో మీరు దిగే గదిలో నలుగురు మగవాళ్లు, నాకు చోటుండదు. ఇక్కడ నాకు బీఎడ్ పరీక్షలు.

చర్చిలో పాటల ప్రాక్టీసుకు వెళ్తున్నాను. ఆరింటికి వస్తాను.

మరిచాను, రేపు బంద్ లేదట. నర్సాపూర్ అడవి దాకా ఫోటోలకు పోదాం. కొత్త బ్యాగు ఇంట్లోనే ఉంచండి. లాప్‌టాప్ నేను పట్టుకుంటాను.