ఏడు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు

ట్రాఫిక్ కాలనీ, ఖరగ్‌పూర్,
జూన్ 4.

చిరంజీవి ప్రశాంతిని మేనత్త సింహాచలమ్మ ఆశీర్వదించి, ఆ వెంటనే తిట్టి, రాయునది.

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో కృపారావు గారు నీకోసం మాట్లాడిపెట్టిన ఇంటర్వ్యూ నిన్నటితో అయిపోయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర తొమ్మిది నుంచి పన్నెండు దాకా వానలో నిలబడ్డాను. నువ్వు రాలేదు. పన్నెండున్నరకి ఫోను చూస్తే "పరిశోధన వదిలి రాలేను" అని మెసేజ్.

సాయంత్రం కృపారావు గారు ఇంటికొచ్చి, టీ తాగుతూ అడిగారు: "ఏటమ్మా సింహాచలం, మీ పిల్ల ఐదేళ్ళ నుంచీ సుక్కల్నే సూస్తందా? ఆ పనికి ఏటి పనితనం కావాల? కళ్ళుంటే సాలదా?"

రైల్వే వర్క్‌షాపులో నాకు ఫోర్‌మన్‌గా చేసిన మనిషి. ఇంకో కప్పు టీ పోసి పంపించాను. మీ మావయ్య పోయాక ఖలాసీగా చేరి, ఆ తర్వాత గేర్లకు పళ్ళు కోసే మెషిన్ మీద ఇరవై రెండేళ్ళు చేశాను. నా పనేమిటని ఎవరడిగినా ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. నీ పనికి ఏమేం రావాలో రాయి. ఆయన మొహాన చదువుతాను.

ఇట్లు,
నీ మీద కోపంగా ఉన్న
అత్త

తా.క. ఫోన్ చేయకు. ప్రేమ్ బజార్లో మొబైల్ షాపు టోనిచేత నీ నంబరు బ్లాక్ చేయించాను. "ఎన్నాళ్ళకి, మాసీ?" అన్నాడు. దుర్గా పూజల దాకా అన్నాను. ఈ సంగతి నీకు తెలియాల్సిన పని లేదు.


అబ్జర్వేటరీ కొండ,
జూన్ 11.

పూజ్యురాలైన అత్తకు నమస్కారాలు. నాకూ కోపంగానే ఉంది. నమస్కారం పెట్టకపోతే ఇంకో ఉత్తరం రాస్తావని పెట్టాను.

కృపారావు గారికి చెప్పు, ఐదేళ్ళలో నేను దుర్భిణికి కన్ను ఆనించిందే లేదు. అది ఫోటోలు తీస్తుంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ డేటా శుభ్రం చేస్తాను. లెక్కలు రావాలి, ప్రోగ్రాములు రాయడం రావాలి, కనిపెట్టింది నలుగురికీ అర్థమయ్యేట్టు రాయడం రావాలి. అన్నిటికంటే తిట్లు తినడం రావాలి. అదొక్కటీ మన ఇంట్లోనే నేర్చుకున్నాను.

ఇంటర్వ్యూకి ఎందుకు రాలేదంటే, నేనొక నక్షత్రాన్ని పట్టాను. సరిగ్గా ఏడు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లకోసారి మసకబారుతుంది. పద్నాలుగు నెలల పని. ఇది అచ్చయితే నాకు డాక్టరేటు వస్తుంది. కాని పత్రికవాళ్ళ రిఫరీ రెండుసార్లు తిప్పికొట్టాడు, నమ్మబుద్ధి కావడం లేదట, ఇంకో రుజువు కావాలట. మొహం చూపించని మనిషి. నా కోపమంతా అతని మీద ఉంది. నువ్వు మధ్యలో దూరకు.

ఇట్లు,
ప్రశాంతి

తా.క. ఆ మెసేజ్ నేను ముందురోజు పొద్దున్నే పెట్టాను. నువ్వు ఎప్పుడూ నెట్ ఆపి ఉంచుతావు.


ట్రాఫిక్,
జూన్ 19.

చిరంజీవి ప్రశాంతిని ఆశీర్వదించి అత్త రాయునది. మధ్యలో దూరాను.

ముందు శుభ్రం సంగతి. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో పాసైన పిల్లచేత ఊడ్పిస్తారా? మీ కొండ మీద సఫాయీవాళ్ళు లేరా? ఈ మాట ఎదురింటి ఎలీసమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చెబితే కాలనీ అంతటికీ చెప్పినట్టే అనుకో.

ఇక రిఫరీ. మన ఇంటికి రిఫరీలు కొత్త కాదు. మీ నాన్న గోలు వేస్తే ఆఫ్‌సైడ్ అన్నవాణ్ణి మీ తాత రైల్వే గ్రౌండు చుట్టూ రెండుసార్లు పరుగెత్తించాడు. మీ రిఫరీకి మీ ఆఫీసు చిరునామాకే ఒక ఉత్తరం పడేశాను. చాటున విజిలూదడం కాదు, ధైర్యముంటే ట్రాఫిక్ వచ్చి ఊదమన్నాను. ఏ భాషవాడో తెలియదు గనక బెంగాలీలోనూ రాశాను.

ఇట్లు,
నీ తరఫున కూడా కోపంగా ఉన్న
అత్త

తా.క. ఆ దుర్భిణి నక్షత్రం వెంట తిరగాలి కదా. తిప్పేది పళ్ళచక్రమే అయ్యుంటుంది. పళ్ళెన్ని? ఊరికే అడిగాను.


అబ్జర్వేటరీ కొండ,
జూన్ 27.

అత్తకు,

పరువు తీశావు. కవరు మీద "రిఫరీ గారికి" అని ఉంటే మా గైడు మోహనకృష్ణ గారు విప్పారు. పదిమంది ఉన్న మీటింగులో తెలుగుది ఆయన చదివారు, బెంగాలీది మా సీనియర్ దత్తా దాదా చదివాడు. బెంగాలీలో తిట్లు ఎక్కువున్నాయి. ఇప్పుడు వరండాలో నన్ను చూస్తే చాలు, అందరూ విజిల్ వేస్తున్నారు.

రిఫరీ అంటే మన పనిలో తప్పొప్పులు చూసే ఇంకో శాస్త్రవేత్త. డేటా శుభ్రం చేయడమంటే పనికిరాని అంకెలు ఏరేయడం. అందులో చీపురు ఉండదు.

మోహనకృష్ణ గారు చివర్లో ఒక్కటే అన్నారు. "రిఫరీ అడిగినదానికి నువ్వింకా జవాబివ్వలేదమ్మా. మీ అత్తే ఇచ్చింది."

ప్రశాంతి

తా.క. పళ్ళు నూట ఎనభై. నలభై ఏళ్ళ నాటి చక్రం. టెక్నీషియన్‌ని అడిగితే, "మీ అత్తగారికేనా?" అన్నాడు.


ట్రాఫిక్,
జూలై 6.

చిరంజీవి ప్రశాంతికి. కూర్చుని చదువు.

తిట్ల గురించి ఏమీ అనుకోకు. బెంగాలీవి నావి కావు, పక్కింటి దీదీని అడిగి రాశాను.

నూట ఎనభై పళ్ళ చక్రాన్ని వార్మ్ తిప్పుతుంది. వార్మ్ అంటే మరమేకులా చుట్లు కోసిన ఇనపకడ్డీ. అది ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక పన్ను జరుగుతుంది. మీ చక్రం తిరిగేది రోజుకో చుట్టు. రోజుకి పద్నాలుగు వందల నలభై నిమిషాలు. నూట ఎనభైతో భాగించు. వార్మ్‌కు ఒక చుట్టుకి ఎనిమిది నిమిషాలు.

ఆ వార్మ్‌ను ఎవడో సరిగా కోయలేదు. తప్పు చోటు వచ్చినప్పుడల్లా దుర్భిణి కుంటుతుంది, నక్షత్రం ఫోటోలో పక్కకు జరుగుతుంది, నువ్వు రాసుకునే వెలుగు అంకె తగ్గుతుంది. కుంటేది మీ గేరు, పిల్లా. నక్షత్రానికేమీ కాలేదు. అదే దుర్భిణితో వేరే చుక్కను చూడు. అదీ అలాగే మసకబారితే నేను చెప్పింది నిజం.

లెక్క కృపారావు గారికి చూపించాను. "కరెక్టేనమ్మా. కానీ సెప్పకు. పిల్ల గుండె పగిలిపోతాది" అన్నారు. నాకూ చెప్పాలని లేదు. కాని తప్పు గేరుకి పాస్ అని సంతకం పెట్టడం నాకు చేతకాదు.

ఇట్లు,
అత్త

తా.క. నేను చెప్పింది తప్పయితే నన్ను తిట్టు. నిజమైనా తిట్టు.


అబ్జర్వేటరీ కొండ,
జూలై 13.

శ్రీమతి సింహాచలమ్మ గారికి,

మీ లెక్క తప్పు. మీరన్నది ఎనిమిది నిమిషాలు. నా నక్షత్రానిది ఏడు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు. గేరు షాపులో ఒక సెకను తేడా చెల్లుతుందేమో, మా పనిలో చెల్లదు. ఆ సెకనును నేను ఎన్నిసార్లు సరిచూసుకున్నానో మీకు తెలియదు. నా నక్షత్రాన్ని పట్టుకుని ఇనపముక్క అన్నారు. ఇక నాకు రాయకండి.

ప్రశాంతి, ఎమ్మెస్సీ

తా.క. రాయడానికేమీ లేదు.


అబ్జర్వేటరీ కొండ,
ఆగస్టు 2.

అత్తా,

ఆ ఉత్తరం డబ్బాలో వేసి క్యాంటీన్ దాకా నడిచాను. టీ గ్లాసు చేతికి తీసుకున్నాక గుర్తొచ్చింది. ఇరవై నాలుగు గంటల రోజు సూర్యుడిది. నక్షత్రాల రోజు దానికంటే నాలుగు నిమిషాలు తక్కువ. దుర్భిణి తిరిగేది నక్షత్రాల వెంట. ఇది మా ఫస్టియర్ పాఠం. పద్నాలుగు వందల ముప్ఫై ఆరును నూట ఎనభైతో భాగించాను. ఏడు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు.

నీది తప్పని నేను చూపించిన సెకనే నీది నిజమని తేల్చింది. పరుగెత్తి వెళ్ళి పోస్ట్‌మాన్‌ని ఉత్తరం తిరిగివ్వమన్నాను. డబ్బాలో పడ్డాక అది ప్రభుత్వానిదట.

వేరే నక్షత్రాలు మూడు చూశాను. మూడూ అలాగే మసకబారాయి. పేపరు వెనక్కి తీసుకున్నాను. రెండు రోజులు గది తలుపు తీయలేదు. నీ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నీ మాట తప్పయి ఉంటే ఇంత వచ్చేది కాదు. మూడో రోజు టెక్నీషియన్‌తో కలిసి మూత విప్పి, వార్మ్ మీద వేలితో తడిమాను. చిన్న గరుకు తగిలింది. దానిమీద పద్నాలుగు నెలలు కట్టాను.

మోహనకృష్ణ గారు పాత రిజిస్టర్లు తీయించారు. ఈ దుర్భిణితో ఇంతకుముందు ఇలాంటి నక్షత్రం ఇంకొకటి దొరికింది. ఏడు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు. ఇరవై ఆరేళ్ళ కిందట దాన్ని పట్టి డాక్టరేటు తీసుకున్నది ఆయనే.

ఆయనా రెండు రోజులు గది తలుపు తీయలేదు. తర్వాత నన్ను పిలిచి, కొత్త పేపరు రాద్దామన్నారు, ఆ రెండు నక్షత్రాలూ అలా మసకబారవని. ముగ్గురి పేర్లూ ఉంటాయి. నీది ముందు.

ఇట్లు,
ఇంకా కోపంగానే ఉన్న
నీ ప్రశాంతి

తా.క. పత్రికవాళ్ళ ఫారంలో పేపరు రాసినవాళ్ళ అర్హతలు అడిగారు. నీ పేరు పక్కన "పదో తరగతి, గేర్లు కోయడంలో ఇరవై రెండేళ్ళు" అని నింపాను. మోహనకృష్ణ గారు చూసి, పదో తరగతి కొట్టేశారు. అదే కలంతో తన పేరు పక్కనున్న డాక్టరేటు కూడా కొట్టేశారు.