పొగను కాల్చే గొట్టాలు

తెక్కలకోట,
20 నవంబరు 2025, గురువారం, అమావాస్య.

మిత్రుడు హంపన్నకు,

మారెప్ప నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం ఆదోని తెలుగు బడిలో అయ్యవారు మనిద్దరికీ నేర్పిన పద్ధతి. అందులో నీ సగం నిజం కావాలని కోరుకుంటున్నాను. నా సగం మాత్రం నిజం కాదు. దురుగమ్మకు ఒంట్లో బాగాలేదు.

ఈ కాలంలో ఉత్తరమేంది అని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే నీలి గీతలు కనిపిస్తాయి గానీ జవాబు కనిపించదు. పైగా ఫోన్‌లో అయితే నా గొంతు దానంతటదే లేస్తుంది, కాగితం మీద అరవడం కష్టం. ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో మిగతా అందరూ కన్నడ బడిలో చదివినవాళ్లే. ఈ కాగితం కంటబడినా తన సంగతి రాస్తున్నానని నా భార్యకు తెలియదు. తెలిస్తే నీకేం పని అని చించిపారేస్తుంది.

దగ్గు దసరాకు ముందు మొదలైంది. బజ్జీల మిరపకాయ ఘాటు అనుకున్నాం. ఇప్పుడు పిండి కలిపి లేచి నిలబడితే చాలు, ఆయాసం. మాట మధ్యలో ఆగి గోడ పట్టుకుంటుంది. బళ్ళారికి తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాను. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఇంట్లో బీడీ ఎవరు తాగుతారని అడిగాడు. ఎవరూ తాగరన్నాను. మరి ఈ పొగ ఎక్కడిదన్నాడు. హోటల్లో కట్టెల పొయ్యి అని చెప్పాను. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే పీలిస్తే ఊపిరితిత్తులు మళ్ళీ మామూలుకు రావని తేల్చి చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు హంపన్నా. ఆమె దగ్గితే భయం, కాసేపు దగ్గు వినిపించకపోతే ఇంకా భయం. ఊరికే లోపలికి తొంగిచూసి వస్తున్నాను.

పొయ్యి దగ్గరికి పోనివ్వొద్దన్నాడు డాక్టరు. ఎలా? వరి కోతలు మొదలైనాయి. తెల్లారేసరికి కూలోళ్ళు బస్టాండు ముందు దిగుతారు, బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిననిదే మడిలో కాలు పెట్టరు. నేను కలిపితే ఉగ్గాని ముద్దవుతుంది. గ్యాస్ పొయ్యి తెచ్చిపెట్టాను. దాని మీద బాణలి కాగేలోపల బస్సు ఎల్లిపోతాది అని దాన్ని మూలకు తోసింది. ‘నా పొయ్యి ఇడిస్తే నేను యాడ కూర్చుందును’ అని నన్నే అడిగింది.

ఆ పొయ్యి నువ్వు కట్టిందే కదా. మొదటి ఏడాది దాన్ని చూడటానికి సిరుగుప్ప నుంచి కూడా వచ్చారు. పచ్చి జాలి తుమ్మ కట్టె పెట్టినా కప్పుకు మసి పట్టేది కాదు. మంట పైన మూడు గొట్టాలు, వాటికి సన్నసన్న బొక్కలు. వెనక గోడలో ఉన్న మూతుల నుంచి బయటి గాలి గొట్టంలోకి దూరి, వేడెక్కి, బొక్కల గుండా పొగ మీద పడితే ఆ పొగే అంటుకుని మంటైపోతుందని నువ్వు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ నేనే కనిపెట్టినట్టు చెప్పుకున్నాను.

దురుగమ్మకైతే అది దేవుడి గూడుతో సమానం. శుక్రవారం వస్తే ఎర్రమన్నుతో పొయ్యంతా అలికి, ముగ్గేసి, పసుపు కుంకుమ పెట్టందే అగ్గిపుల్ల గీయదు. నువ్వేమో శనివారం శనివారం వచ్చి, పొయ్యి వెనక సందులో దూరి, ఇనుప చువ్వతో ఏదో గెలికి, మన్ను దులుపుకుంటూ బయటికి వచ్చేవాడివి. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి పొయ్యిని చంటిబిడ్డలా సాకుతున్నారని నేను ఎగతాళి చేసేవాణ్ణి. వాళ్ళ ఇంట్లో మగపిల్లలు లేరు, నిన్నే అన్న అనుకుంది కదా.

ఈసారి శ్రావణమంతా నువ్వు సండూరులో పని ఒప్పుకుని ఇటు రాలేదు. శ్రావణ శుక్రవారాలని దురుగమ్మ పొయ్యికి మరింత మందంగా అలికి, మరింత పెద్ద ముగ్గులు వేసింది. అప్పటికే పొగ మొదలైంది. చవితి పండగ ముందు నువ్వొచ్చిన రోజున మరీ ఎక్కువైంది, తినేవాళ్ళు ప్లేట్లు పట్టుకుని బజారులోకి నడిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పలచని గొట్టాలు వేసి నా హోటలుకు పొగబెట్టినావని అందరి ముందూ నిన్ను అనరాని మాటలన్నాను. నువ్వు నా వైపు చూడలేదు. దురుగమ్మ వైపు చూశావు. ఆమె తల దించుకుని లోపలికి వెళ్ళింది. నువ్వు చెయ్యి కడుక్కుని, ఉగ్గాని ముట్టకుండా లేచిపోయావు. తర్వాత వారంలో నీ వెల్డింగ్ షాపుకు తాళం పడింది. దోణిమలైలో కాంట్రాక్టరు దగ్గర చేరావని ఎవరో చెప్తే తెలిసింది.

ఇప్పుడు గొట్టాల సంగతి చెప్తాను. మధ్యది ఎర్రగా కాలి కిందికి వంగింది. ఎడమదానికి బొక్కలు పెద్దవై ఒకదానితో ఒకటి కలిసి చీలింది. మూడోది ఎప్పుడు పడుతుందో తెలియదు. బళ్ళారి నుంచి వేరే వెల్డరును పిలుస్తానంటే దురుగమ్మ పడనివ్వదు. ‘ముట్టితే హంపన్నే ముట్టాల, ఇంగెవరూ నా పొయ్యి ఎనక్కి పోకూడదు’ అంటుంది. దగ్గుతూనే అంటుంది.

అందుకే రాస్తున్నాను. కొత్త గొట్టాలు కావాలి, ఈసారి కాస్త మందం గొట్టం తీసుకో. రావడం ఇష్టం లేకపోతే చేసి బస్సులో పంపు, ఎలా ఎక్కించాలో రాయి. పాతవి బిగుసుకుపోతే కిరసనాయిలు పోసి తిప్పితే వస్తాయా? బొక్కలు ముందుకుండాలా, కిందికా? ఒక్కటి తప్పు పెట్టినా మళ్ళీ పొగే కదా అని నాకు చెయ్యి ఆడటం లేదు. నా మీద కోపం నా మీదే ఉంచు. నీ చెల్లెలికి ఊపిరి అందడం లేదు, అది చూసి జవాబు రాయి.

అమావాస్య కాబట్టి ఈరోజు హోటలు మూశాము, పొయ్యి చల్లగా ఉంది. ఇప్పుడే వెనక్కి వెళ్ళి గొట్టం పొడవు కొలిచి కింద రాస్తాను.

ఇట్లు,
నీ జవాబు కోసం బస్టాండు వైపే చూస్తుండే
మారెప్ప

తా.క.: పొడవు రెండడుగుల మీద మూడు వేళ్ళు.

అది కొలవడానికే మొదటిసారి నేను ఆ సందులో దూరాను. గోడలో గొట్టాల మూతులు కనిపించలేదు. సెల్ లైటు వేసి తడిమాను. అంతా ఎర్రమన్ను. నున్నగా అలికి, మూతి ఉన్న చోటల్లా ఒక పసుపు బొట్టు పెట్టి ఉంది. ఉలితో కొడితే పెళ్ళలుగా రాలింది, లోపలి మన్ను ఇటుకలా కాలిపోయి ఉంది. చల్లబరిచే గాలి లేక గొట్టాలు వట్టిగా కాలి వంగిపోయాయి. నువ్వు వేసింది మంచి ఇనుమే.

చప్పుడు విని దురుగమ్మ వచ్చింది. నా చేతిలో ఉలి చూసి, అడగకముందే చెప్పింది. ‘పొయ్యికి బొక్కలుంటే సిరి నిలవదని మాయమ్మ చెప్తాండె. శుక్రారం నేను మూస్తాంటి, శనివారం హంపన్న తీస్తాండె. వద్దమ్మా, పొయ్యికి గాలి ఆడదు అని ఆయప్ప చెప్పినా నాకు మనసొప్పలేదు. నీకు చెప్పొద్దని నేనే అడిగినా, నలుగురిలో అరుస్తావని. చెప్పనులే అని మాటిచ్చె’ అంది. నువ్వు రావడం మానేశాక తనే పుల్లతో పొడిచి చూసిందట. మన్ను గట్టిపడిపోయి రాలేదట.

ఊపిరి ఆడకపోయినా నాతో ఒక్క మాట చెప్పలేదేమని అడిగాను. మెల్లగానే అడిగాను. ‘దగ్గు ఓర్చుకుంటా. నీ నోరు ఓర్చుకోలేను’ అంది.

ఉలి కింద పెట్టాను హంపన్నా. ఈ ఉత్తరం మొదటినుంచీ ఆమెకు చదివి వినిపించాను. మందం గొట్టం అన్నచోట కొట్టేయమంది, అన్న మనసు నొచ్చుకుంటుందట. కొట్టేయలేదు. నేను ఏం రాశానో నువ్వు చూడాలి.

రేపు శుక్రవారం. అలకొద్దని చెప్పలేదు. మూతుల చుట్టూ అలికి బొట్లు పెట్టుకో, నోళ్ళు వదిలెయ్ అన్నాను, సరే అంది. గొట్టాలు మారేదాకా మంట పెట్టనివ్వను, గ్యాస్ మీద ముద్ద ఉగ్గానే అమ్ముతాను. ఏ శనివారమైనా రా. నీ చువ్వ ఆ సందులో, నువ్వు తగిలించిన మేకుకే ఉంది.