కుంచె ఎవరి చేతికి

కరీంనగర్, జూలై 1964

నిర్మల్‌లో ఉన్న అక్కకు,

బావ ఈ ఉత్తరం గట్టిగా చదవాలి, మీ అత్తకూ వినబడాలి.

బొమ్మలు చెక్కడంలోనూ, రంగులు వేయడంలోనూ నీ తోడికోడలు లసుమవ్వ నీకంటే వెనకేనని అత్త ఆమెను పుట్టింటికి పంపేస్తానంటోందని రాయించావు. నిన్న కాలేజీలో దేశాల వ్యాపారం గురించి పాఠం చెప్పారు. ఇంకో దేశం కంటే రెండు పనుల్లోనూ వెనకబడ్డ దేశం కూడా, ఏ పనిలో తక్కువ వెనకబడిందో అది పట్టుకుని, రెండోది ముందున్న దేశానికి వదిలేస్తే రెండు దేశాలకూ లాభమట. చెక్కడంలో లసుమవ్వ నీలో సగానికి కూడా రాదు, రంగుల్లో కొంచెమే తక్కువ. నువ్వు చెక్కి ఆమె రంగులు వేస్తే ఇంట్లో బొమ్మలు పెరుగుతాయి.

కానీ నీకు కుంచె అంటే ప్రాణం.

"ముందున్న దేశం వదిలే పనే దానికి ఇష్టమైతే ఎట్ల సార్?" అని అడిగాను.

"దేశాలకు ఇష్టాలుంటయా అమ్మా?" అని సారు నవ్వారు.

లసుమవ్వ ఉండడానికి కుంచె ఇచ్చేస్తావా అక్కా? నేనైతే ఏం చేస్తానో నాకే తెలియడం లేదు.

నీ చెల్లె