బాలీగంజ్ నుంచి వచ్చిన ఫ్లైవీలు

టికియాపారా, హౌరా,
12 నవంబరు 1989

అమ్మకి నమస్కారాలు. ఇక్కడ అయ్యా నేనూ బాగానే ఉన్నాం. అక్కడ కోడలూ పసిదీ కులాసాగా ఉన్నారని తమ్ముడు రాశాడు, సంతోషం. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది వాడే కనుక వాడికో మాట: కోదండం, ఏ ముక్కా మింగకుండా చదువు.

అయ్య మోకాళ్ళ గురించి అడిగావు. నొప్పి ఉంది, బండి కిందికి దూరేటప్పుడు మాత్రం ఉండదట. నువ్వు తిరిగొచ్చే రోజు హౌరా స్టేషనుకి ఆ బండిలోనే వస్తానన్న పంతం వదల్లేదు. బారిస్టరు గారి దగ్గర ముప్ఫయ్యేళ్ళ డ్రైవరు కొలువుకి మిగిలింది ఆ పాత ఆస్టిన్ కారు ఒక్కటే కదా. క్లచ్ ప్లేటు అరిగిపోయింది, అది ఆనుకునే ఇంజను చక్రం, ఫ్లైవీలు, బీటవారింది. కొత్తవి ఒకదానికొకటి సరిపడాలి, ఇంజనుకీ గేరుబాక్సుకీ కూడా కుదరాలి. అయ్య చపాతీ పిండి ముద్దని గేరుబాక్సు షాఫ్టుకి అదిమి, దాని పళ్ళ అచ్చు తీసి, డబ్బాలో పెట్టుకుని పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. ప్రతివాడూ "ఒరిజినల్, దాదా!" అనేవాడే. ఒకడు లారీ ప్లేటు చూపించి, కాస్త అరగదీస్తే పట్టేస్తుందన్నాడు.

"నీ బుర్ర అరగదియ్యి, అదీ పట్టేస్తాది" అన్నాడు అయ్య.

చివరికి బాలీగంజ్‌లో ఒక చౌధురీ గారి దగ్గర రెండూ ఉన్నాయని తెలిసి వెళ్ళాం. ఏడు పాత కార్లకి ముసుగులు కప్పి పెంచుకునే పెద్దమనిషి. ఒక్కటీ గేటు దాటదు. క్లచ్ ప్లేటుని తిరగేసి పట్టుకుని, అది ఎటు కూర్చుంటుందో నాకు అరగంట పాఠం చెప్పాడు! మధ్యలో ఈ ప్రభుత్వం మీద, కూలి జనం మీద వెక్కిరింతలు. "అభిరుచి ఉన్నవాళ్ళకే ఇస్తాను, మెకానిక్ మిస్త్రీల చేతుల్లో పెట్టను" అన్నాడు. అంత అజ్ఞానానికి అంత మెత్తటి సోఫా ఎలా దొరుకుతుందో!

అమ్మా, ఇంతసేపూ దాచిన సంగతి ఇది. గుమ్మం దగ్గర నిలబడి పిండి అచ్చుని ప్లేటుతో సరిచూసుకుంటున్న అయ్యని చూపించి, "ఆ ముసలాడెవరు?" అన్నాడు చౌధురీ. "మా డ్రైవరు" అన్నాను. బెంగాలీలో, తడుముకోకుండా. అయ్యకి బెంగాలీ నాకన్నా బాగా వచ్చు.

అబద్ధం కాదు కదా, డ్రైవరే కదా అని ట్రాములో సర్దిచెప్పుకున్నాను. సామాను కోసమే అన్నానా, సిగ్గుపడి అన్నానా, తేల్చుకోలేకపోతున్నాను. కాలేజీలో సమానత్వం గురించి పాఠాలు చెప్పే నోరిది. ఆ చౌధురీని తిట్టడానికి ఇంత కాగితం ఎందుకు ఖర్చు చేశానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

చౌధురీ అమ్మిన ఆ రెండూ అయ్యే ఇంటిదాకా మోసుకొచ్చాడు. మూడు రోజులు కూర్చుని బిగించాడు. నిన్న బండి వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది, బస్తీ అంతా చప్పట్లు. నేను ముందు తలుపు తీయబోయాను. అయ్య దిగి వచ్చి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"అక్కడ కాదమ్మగోరూ. ఓనర్లు ఎనక కూకుంటారు."

"ఏటయ్యా ఇది?"

"ఏటుంది? అలవాటు."

నవ్వలేదు. నేను ఎక్కలేదు.

ఇరవయ్యారున నీ రైలుకి అయ్య బండి తెస్తాడు. నువ్వు ఆయన పక్కన కూర్చో. నేను స్టేషనుకి బస్సులో వస్తాను. తిరిగి వచ్చేటప్పుడు నేనెక్కడ కూర్చోవాలో నువ్వే ఆయన్ని అడుగు.

ఇట్లు,
అయ్యకి ఇంకా క్షమాపణ చెప్పుకోని నీ పెద్దకూతురు,
జగ్గమ్మ