ఆ పౌడరు ఎవరి ముఖానికి?

నిజామాబాద్,
సోమవారం

నా బంగారు అక్కకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటని నవ్వకు. మాది రెండు గదుల ఇల్లు. నేను గుసగుసలాడినా పక్కింటికి వినిపిస్తుంది, వాట్సాప్‌లో పెడితే మీ మరిది చూస్తాడు. పైగా ఈ మాట నోటితో చెప్పబోతే ఏడుపొస్తుంది.

మీ మరిది సాయికుమార్ ఎవరితోనో తిరుగుతున్నాడు అక్కా.

నాకు అనుమానం ఎక్కువని చిన్నప్పటి నుంచీ వెక్కిరిస్తావు. ఒప్పుకుంటాను, పాలాయన ముందే చెంబు వంచి చూసే రకాన్ని. అయినా విను. నెల నుంచి ప్రతి ఆదివారం భీమ్‌గల్‌లో దోస్తు పసుపు చేనుకు పోతున్నానని చెప్పి పొద్దున్నే బయలుదేరుతున్నాడు. చొక్కా ఉతకబోతే జేబులో బోధన్ బస్సు టికెట్ ఉంది. సంచి తీసి చూస్తే ముఖానికి రాసుకునే పౌడరు, కనురెప్పలకు రంగు దిద్దుకునే స్పాంజి పుల్లలు, గోధుమ రంగు ఐషాడో డబ్బీ. పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు కాటుక కూడా కొనని మనిషి. కాలరు మీద అదే గోధుమ రంగు మరక, ఎంత రుద్దినా పోలేదు.

ఇదివరకు ఈ మనిషి ఎలా ఉండేవాడో నీకు తెలుసు. కార్ల షెడ్డులో రంగు చిమ్మే గన్ పట్టాడంటే గీతలు పడ్డ డోరు షోరూం నుంచి వచ్చినట్టు అయ్యేది. ఆ రంగే ఊపిరితిత్తుల్లోకి పోయి, దగ్గితే మంచం ఊగేది. గన్ వదలకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పిన రోజు ఆయన చెయ్యి పట్టి నా నెత్తి మీద పెట్టుకున్నాను. "గన్ ఒక్కటే గాదు నిరోషా, పిస్‌మని కొట్టేది ఏదీ ముట్ట. నీ మీద ఒట్టు" అన్నాడు. అప్పటి నుంచి బట్టల దుకాణంలో బిల్లులు కొడుతున్నాడు. ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఆయన చేతిలోంచి పని లాక్కున్నది నేనేనన్న బాధ నాకు పోలేదు. అలాంటి మనిషి ఇప్పుడు ఈల వేస్తున్నాడు. నేను తెప్పించలేని ఈల ఎవరు తెప్పించారో నాకు తెలియాలి.

నువ్వు బోధన్‌లోనే ఫ్యాన్సీ దుకాణం నడుపుతున్నావు, ఆడవాళ్లు వచ్చిపోయే చోటు. కాస్త కనిపెట్టి చూడు. నిజమని తేలితే నేను ఈ ఇంట్లో ఉండను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ చెల్లె,
నిరోష


నిజామాబాద్,
మళ్లీ సోమవారం

భాగ్యలక్ష్మి గారికి,

నా ఉత్తరానికి మీరు జవాబెందుకు రాయలేదో నిన్న తెలిసింది.

ఆయన ఎక్కిన బస్సులోనే స్కార్ఫ్ ముఖానికి చుట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసింది మొగుళ్ల వెంట పడటానికేనేమో అనిపించింది. బోధన్‌లో దిగి, రెండు గల్లీలు తిరిగి, ఒక రేకుల గది తాళం తీసి లోపలికి పోయాడు. నేను బోరింగు దగ్గర ఆగాను. కాసేపటికి చేతిలో సంచితో ఒకామె వచ్చింది. ఆ నడక నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న నడక.

మీరు లోపలికి పోయారు. ఆయన బయటికొచ్చి వాకిట్లో నిలబడ్డాడు, కాపలా అనుకున్నాను. తర్వాత మీరు పిలిచారు, ఆయన పోయాడు, తలుపు పడింది. గది యజమానురాలు ఈరవ్వ నేను గది కిరాయికి అడగడానికి వచ్చాననుకుంది. "ఐతారమైతె గామె వస్తది బిడ్డా. ఆమె లోపటుంటె గీయన బయట, పిలిస్తె లోపటికి. నాకెందుకు, కిరాయి టైముకిస్తున్నడు" అంది.

బావ పోయాక మీరు ఒంటరైపోయారని ప్రతి పండక్కీ మా ఇంటికి పిలిచింది నేనే. నా కంచం పక్కన మీ కంచం పెట్టింది నేనే. వచ్చే ఆదివారం లోపు ఉన్నదున్నట్టు చెప్పండి. లేకపోతే బాల్కొండలో అవ్వ దగ్గరికి పోతాను. తర్వాత మీ ఇద్దరి ముఖం చూడను.

నిరోష
(చెల్లె అని రాయడానికి చెయ్యి రావడం లేదు)


బోధన్, రేకుల గది,
ఆదివారం

అక్కా,

నీ దుకాణం కవర్లో ఈ గది తాళంచెవి ఒక్కటే పంపావు, ఒక్క ముక్క రాయలేదు. ఎంత పొగరనుకున్నాను. ఈ పొద్దున తొలి బస్సుకే వచ్చి, గది తెరిచి, లోపల కూర్చున్నాను.

బల్ల మీద బొమ్మ రైలు వ్యాగన్లున్నాయి. ఒక్కొక్కటి మన పిండి డబ్బా కంటే పొడుగు, చెరుకు మోసే వ్యాగన్లు. బోల్టుల కింద నుంచి తుప్పు కారింది. రంగు పెచ్చులుగా లేచింది. మూలల్లో ఎండిన చెరుకు పీచు, అడుగున చెరుకు మడ్డి మరకలు. చక్రాల మీది దుమ్ము వేలితో తుడిచి వాసన చూస్తే పౌడరు.

ఆయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గిదేంది?" అన్నాను.

"హైదరాబాదుల ఒకాయన తోట సుట్టు పెద్ద బొమ్మ రైలు పెట్టుకున్నడు. వ్యాగన్లు మరీ కొత్తగ మెరుస్తున్నయి, నిజమైనవాటి లెక్క పాతగ చేసియ్యమన్నడు. అందరు గన్‌తోని చేస్తరు. నేను నీ మీద ఒట్టేసిన గద. అందుకే పౌడరు, స్పాంజి."

"మరి అక్కెందుకు?"

హెయిర్ స్ప్రే డబ్బా చూపించాడు. "కింద తుప్పు రంగు బ్రష్‌తోని ఏసి, దాని మీద గిది కొట్టాలె. గా మీద పై రంగు అద్ది, తడి చేసి గోకితె పెచ్చులు లేస్తయి. కని గిది గూడ పిస్‌మని కొట్టేదే నాయె. వదిన కొడ్తది. వాసన పోయేదాక నేను బయట నిలబడ్త."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె భయపడి గిది గూడ వద్దంటవ్. మళ్ల నా చెయ్యి నీ నెత్తి మీద పెట్టుకుంటవ్. ఇగ నాకేం మిగుల్తది? వదిన నోరు గూడ నేనే కట్టేసిన, నా మీద ఒట్టేయించి."

అక్కా, నేను అంత మాట రాసినా నువ్వు ఆ ఒట్టు తప్పలేదు. ఏ పౌడరు చూసి ఆయన నన్ను మోసం చేశాడనుకున్నానో, అది నా ప్రాణానికి భయపడి కొన్న పౌడరు. నాకు సిగ్గేసి ఏడ్చాను. ఒట్టు తీసి గట్టున పెట్టానన్నాను. "ఉండనియ్, దానితోనే గీ పనికి చెయ్యి కుదిరింది" అన్నాడు.

నీ డ్యూటీ నేను తీసుకున్నాను. ముఖానికి గుడ్డ కట్టుకుని స్ప్రే కొట్టాను, కొంచెం ఎక్కువే పడింది. అది ఆరేలోగా ఇది రాస్తున్నాను. ఆయన వాకిట్లో, ఆ రోజు నిలబడ్డ చోటే ఉన్నాడు. ఈరవ్వ ఆయన దగ్గరికొచ్చి మెల్లగా అడుగుతోంది, నాకు వినపడుతూనే ఉంది.

"గీమెవరు బిడ్డా, ఇంకొకామెనా?"

"ఒట్టేసింది గీమె మీదనే అవ్వా" అన్నాడు.

నువ్వు ఒప్పుకుంటే, నీ చెల్లె,
నిరోష