కళ్లజోళ్లాయన ఫిర్యాదు

నగరపాలక కార్యాలయం, వీధుల విభాగం గుమాస్తా గారికి,

అయ్యా, కళ్లజోళ్ల దుకాణం కట్టేసి ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. మా గుమ్మం ముందు మీరు వేసిన సిమెంటు బల్ల మీద పొద్దస్తమానం జనమే. రోజూ సాయంత్రం మా ఆవిడను ఊరవతలి పార్కుకి తీసుకెళ్తాను. కారు బయటికి తీయడానికే పావుగంట పడుతోంది. ఒక్క బల్ల మీద ఇంతమందా? తగిన చర్య తీసుకోగలరు.

ఇట్లు,
మూలమేడ కళ్లజోళ్లాయన

తా.క. హారన్ కొడితే లేవరు. "రండి, మీరూ కూర్చోండి" అంటూ జరుగుతారు.

*

కళ్లజోళ్ల పెద్దాయనకు నమస్కారాలు.

ఒక్క బల్ల చాలడం లేదన్న మీ బాధ అర్థమైంది. మరో మూడు పంపుతున్నాం.

గుమాస్తా

తా.క. నేను ఆడమనిషిని. "అయ్యా" అన్నది సరిదిద్దుకోగలరు.

*

అమ్మా,

నేనన్నదేమిటి, మీరు చేసిందేమిటి? ఇప్పుడు టీ బండి వచ్చింది, చదరంగం వచ్చింది. వారం రోజులుగా కారు కదల్లేదు. జనానికీ కార్లకీ ఒకే దారి కుదరదు. ఏదో ఒకటి తేల్చండి.

మండిపోతూ,
కళ్లజోళ్లాయన

తా.క. ఓసారి కళ్లు చూపించుకోండి. ఊరికే చూస్తాను.

*

పెద్దాయనకు,

తేల్చాం. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా మీ వీధిలో కార్లు తిరగవు. సూచన మీదే గనక కృతజ్ఞతలు.

గుమాస్తా

తా.క. మీ కారూ కారే.

*

అమ్మా,

తిడుతూ రాద్దామని రెండు నెలల కిందట కూర్చున్నాను. కాగితం ఖాళీగానే ఉండిపోయింది.

పార్కులో మా ఆవిడ గంటసేపు కూర్చున్నా నోరు విప్పేది కాదు. "ఎవరితో మాట్లాడను, చెట్లతోనా?" అనేది. ఇక్కడ బల్ల మీద నన్ను నోరెత్తనివ్వడం లేదు. పక్కింటివాళ్లూ బళ్లు తీయడం మానేశారు. పొగ వదులుకుంటూ అంత దూరం పోయి మేం వెతికిందేమిటో ఇప్పటికి తెలిసింది. ఒక్కటే సందేహం. చదివింది ఇంత తప్పుగా అర్థం చేసుకునే మనిషికి ఈ ఉద్యోగం ఎలా వచ్చింది?

ఉంటాను,
కళ్లజోళ్లాయన

తా.క. చదరంగంలో టీ బండాయన చేతిలో ఓడిపోయాను. దీనికి మీరే బాధ్యులు.

*

బాబాయి గారికి,

మీ మొదటి ఉత్తరం నాకు సరిగ్గానే అర్థమైంది.

ఏ వీధి బళ్ల పొగతో ఎంత కర్బనం వదులుతోందో చూడటం కూడా మా పనే. సాయంత్రాలు బళ్లేసుకుని ఎక్కడికెళ్తున్నారని మీ ఉత్తరానికి ముందే మీ వీధిలో అడిగాం. "కాస్త మనుషుల్లో కూర్చుందామని" అన్నారు ఎక్కువమంది. గుమ్మంలో ఉన్న మనుషుల్ని దాటుకుని, మనుషుల కోసం అంత దూరమా? బల్లలు కావాలని నేను రాస్తే పైవాళ్లు పక్కన పడేస్తారు. జనం దగ్గర్నుంచి ఉత్తరమొస్తే కదులుతారు. అందుకే మీది నాకు కావలసినట్టు చదువుకున్నాను. తప్పే, మన్నించండి.

మీ
గుమాస్తా

తా.క. పక్క వీధి నుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఎవరిచేతనైనా బాగా తిట్టించి ఒకటి రాయించగలరా?