అక్క నవ్వు కింద లవ్ సింబల్

మంగళవారం రాత్రి, వడోద్

ఇగ నుంచి ఫోన్ల ఎవరి ఫోటో కిందన్నా ఊకె లవ్ సింబల్ పెట్టి ముందుకు పోవద్దు, ఫోన్ చేసి మాట్లాడాలె అని పొద్దున అనుకున్న. మొట్టమొదలు సిరిసిల్లల ఉండే మా పద్మక్క ఫోటో కనబడ్డది. కొత్త చీర కట్టుకొని నవ్వుతున్నది. వెంటనే చేసిన.

"ఫోటో దిగినంతసేపే నవ్విన జయా," అన్నది. "మీ బావ ఇంటికి వస్తలేడు. ఎవ్వరికి చెప్పలే." ఇగ ఒక్కటే ఏడుపు.

గప్పుడే ఇక్కడ నాకు పనిచ్చే సేఠ్ కాల్ వచ్చింది. నేను రాళ్లు అతికించిన చీరల ఫోటోలు అడిగినప్పుడే పంపాలె, లేకుంటే తర్వాతి చీరల మాల్ ఇంకొకళ్లకు ఇస్తడు.

"జర ఆగక్కా, మళ్ల చేస్త," అని పెట్టేసిన.

ఫోటోలు పంపి మళ్ల చేస్తే అక్క ఎత్తలే. పొద్దూకిందాక చేసిన, ఎత్తలే. ఇప్పుడు చూస్తే ఇంకో ఫోటో పెట్టింది, గదే నవ్వు. కింద అందరు లవ్ సింబల్స్ పెట్టిండ్రు, మా అమ్మ కూడ. అమ్మకు చెప్పాల్నా? ఎవ్వరికి చెప్పలేదన్నది గద...

ఈ ఫోన్ ఎక్కడన్నా పారేయాలనిపిస్తున్నది. కని సేఠ్ పనంత దీంట్లనే వస్తది. ఈ ఒక్క రాత్రికన్నా బంద్ చేసి పండుకుందామంటే, అక్క చేస్తదేమో.